మూడు కాళ్ల ఆవు

మా కోడలు అనకాపల్లిలో ఒక బడిలో ఒకటో తరగతి టీచరు. ఆదివారం మధ్యాహ్నం అయిందంటే మా హాల్లో ప్రింటరు గరగరలాడుతూనే ఉంటుంది. వారానికి సరిపడా కాగితాలన్నీ ఆ ఒక్క పూటలో బయటికి రావాలి. చుక్కలు కలిపేవి, రంగులు వేసేవి, కత్తిరించి అతికించేవి, తల్లిదండ్రుల సంతకం కోసం ఇంటికి పంపే ఫారాలు. వాటిని సర్ది క్లిప్పులు పెట్టే పని నాది. నేనూ ఒకప్పుడు టీచర్నే కాబట్టి ఆ మాత్రం పనికొస్తానని ఆ పిల్ల నమ్మకం.

మొన్న ఆదివారం అలాగే కాగితాలు అందుకుంటూ ఉంటే ఒకటి చేతిలోనే ఆగిపోయింది. ఆవు బొమ్మ. వెనక కాలు ఒకటి లేదు. కింద "లేని భాగాన్ని గీయండి" అని ఉంది. పైన పేరు, తరగతి, తేదీ రాసుకోవడానికి గళ్లు. అడుగున ఒక గీత, దాని పక్కన "టీచరు సంతకం".

"ఏటండీ అత్తయ్యా, అలాగైపోయేరు?" అంది కోడలు.

"ఏమీ లేదమ్మా. ఈ కాలు ఎవరు తినేశారా అని చూస్తున్నాను" అన్నాను.

తను నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నోట్లోకి ముందు తీపి వచ్చింది, ఆ వెనకే చేదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని సంగతి అది. ఆ రోజు కాగితాలన్నీ పక్కన పెట్టి కోడలికి మొదటిసారి చెప్పాను.

మా ఊరు శారదా నది ఒడ్డున, అనకాపల్లికి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. ఊరి చుట్టూ చెరకు. గానుగలు ఆడే కాలం వచ్చిందంటే పొద్దున లేచేసరికి ఊరంతా పాకం వాసన, పిప్పి కాలిన పొగ వాసన. గాలి ఎటు వీస్తే అటు బట్టలు కూడా తియ్యగా వాసన వేసేవి. ఆ నెలల్లో బడిలో పిల్లలు కనపడరు. అందరూ బెల్లం పెనాల దగ్గరే. చెరకు అందించే పని, పిప్పి ఎండబెట్టే పని, చివర్లో పెనం అంచుకి అంటుకున్న పాకాన్ని చెరకు ముక్కతో గీకి తినే పని. ఆ మూడో పని కోసమే మొదటి రెండూ చేసేవాళ్లం.

బడి అంటే ఒక పెంకుటిల్లు, ఒక టీచరమ్మ. సన్నగా, పొడుగ్గా ఉండేది. బడి వెనక గదిలోనే ఒక్కతీ కాపురం. ఆవిడ వేళ్లు ఎప్పుడూ ఊదారంగులో ఉండేవి. ఎంత తోమినా పోయేవి కావు. "వంకాయ టీచరమ్మ" అని ఆవిడకి చాటుగా పేరు పెట్టింది నేనే. ఒక్క రోజులో బడంతా పాకింది. ఆవిడకీ తెలిసే ఉంటుంది.

ఆ ఊదారంగు ఎక్కడిదో చెప్పాలి. మాకు పుస్తకాలు లేవు, పలకలే. టీచరమ్మ ట్రైనింగులో ఒక విద్య నేర్చుకుని వచ్చింది. వడ్రంగులు చెక్కలు అతికించే బంక నీళ్లలో కరిగించి, మందుల షాపులో దొరికే గ్లిజరిన్ కలిపి, పంచదార పాకం పోసి, వెడల్పాటి రేకు పళ్లెంలో పేరబెడితే జున్నులాగా గట్టిపడుతుంది. ఊదా సిరాతో ఒక కాగితం మీద బొమ్మ గీసి, దాన్ని ఆ జున్ను మీద బోర్లించి కాసేపు ఒత్తితే సిరా దాంట్లోకి దిగుతుంది. ఇక తెల్లకాగితాలు ఒక్కొక్కటే పరిచి చేత్తో రుద్ది తీస్తే, వాటి మీద బొమ్మ పడుతుంది. ముప్పై, ముప్పై అయిదు కాగితాల దాకా వస్తాయి. తర్వాత వెలిసిపోతుంది. మేము దాన్ని అచ్చు పళ్లెం అనేవాళ్లం.

పుస్తకంలో పంచదార అని ఉంది. పంచదార మా ఊళ్లో రేషనులో కొలిచి ఇచ్చేవారు, కాఫీకే చాలేది కాదు. బెల్లమైతే ఏ ఇంటి ముందు నిలబడినా పెడతారు. అందుకని టీచరమ్మ పంచదారకి బదులు బెల్లం పాకం పోసింది. అచ్చు బాగానే పడింది. కానీ పళ్లెం గదిలో పెట్టిన గంటకే ఊళ్లో చీమలన్నీ బడికి వచ్చి చేరాయి, మేం రాకపోయినా. ఆ తర్వాత నుంచి నీళ్లు పోసిన పెద్ద పళ్లెంలో అచ్చు పళ్లెం ఉంచేది. అయినా ఎవరో ఒకరు కాపలా కూచోవాల్సిందే. ఆ బంక పశువుల ఎముకలతో చేస్తారని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. తెలిసిన రోజు అన్నం సయించలేదు.

ఇక ఇనస్పెక్టరు సంగతి. గానుగలు మొదలైన కొత్తలో ఒకసారి వచ్చాడు. బడిలో ఆ రోజు తొమ్మిది మందిమి ఉన్నాం. పలకలు చూపించాం. ఆయన వేలితో నా పలక మీద అక్షరం తుడిచి, "తుడిస్తే పోయేదాన్ని చదువంటారా?" అన్నాడు. మాకు కాదు, టీచరమ్మకి చెప్పాడు.

"వచ్చే నెల మళ్లీ వస్తాను. ముప్పై మంది పిల్లలు కనపడాలి, ముప్పై మంది చేతుల్లో వాళ్లు చేసిన పని కాగితం మీద కనపడాలి. లేదంటే ఈ బడి ఎత్తేసి ఏటవతలి బడిలో కలిపెయ్యమని రాస్తాను. తొమ్మిది మందికి ఒక టీచరెందుకు?"

ఆ మాట సాయంత్రానికి మా ఇంటికీ చేరింది. మా నానమ్మ వాకిట్లో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపకుండానే అంది:

"ఎత్తేత్తే ఎత్తేనీ. ఏరు దాటి ఎల్లి సదివి ఇదేటి ఉద్దరిత్తాది? ఊళ్లో బడుంది కాబట్టి ఎల్తంది. లేపోతే ఇంటికాడుండి తమ్ముణ్ణి సూసుకుంటాది. ఆడగుంటకి అదే సదువు."

నాన్న పెనం దగ్గర నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఒక్క మాట అనలేదు. ఆయన మాట్లాడకపోతే నానమ్మ మాటే ఖాయమని మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. అప్పటికి నాకు ఏడేళ్లు. ఊళ్లో నా ఈడు వాళ్లలో తడుముకోకుండా చదివేది నేనొక్కతెనే. ఆ రాత్రి తమ్ముడు నా పక్కనే పడుకుని నా జుట్టు పట్టుకు లాగుతుంటే, జీవితమంతా ఇలాగే ఉంటుందా అని ఏడుపొచ్చింది.

టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఒక కాగితం రాసి అచ్చు తీసి, "మా పిల్లని ఇనస్పెక్టరు గారు వచ్చే రోజు బడికి పంపుతాను" అని అందరి చేతా వేలిముద్రలు వేయించుకుంది. పెనాల దగ్గరికి వెళ్లి, పొగలో నిలబడి మరీ వేయించింది. ఊళ్లో మగవాళ్ల బొటనవేళ్లు కూడా వారం రోజులు ఊదారంగులో ఉన్నాయి. మా నాన్న వేలిముద్ర వేశాక ఆ వేలు చూసుకుని, "ఇదేటమ్మా, ఓటేసినట్టుంది" అన్నాడు.

ఇనస్పెక్టరు గురువారం వస్తాడని కబురు. టీచరమ్మ దగ్గర సిరా పొడి ఒక్క కాగితానికి సరిపడా మిగిలింది. మంగళవారం మధ్యాహ్నం ఆవు బొమ్మ గీసింది. పైన పేరు, తరగతి, తండ్రి పేరు రాసే గీతలు. బొమ్మ కింద "ఆవు పాలు ఇస్తుంది. ఆవుకు నాలుగు కాళ్లు" అని రెండు వాక్యాలు. అడుగున టీచరు సంతకం. కాగితాన్ని పళ్లెం మీద ఒత్తి, తీసి, బొమ్మ బాగా దిగిందని చూసుకుని నవ్వింది. ఆ నెలలో ఆవిడ నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

అప్పుడే బజారు నుంచి వస్తున్న బెల్లం బండి బడి ముందు ఆగింది. బండి తోలుతున్నాయన మా నాన్నకి వరసకి బావ. దిగకుండానే అరిచాడు:

"టీచరమ్మా! ఇనస్పెట్రు గారు పక్కూరి బడికాడ దిగేరు. జీపు నా కళ్లతో సూసేను. బోజనం అయిపోగానే ఇటే వత్తారంట!"

"గురువారం అన్నారే!"

"నాకేటి తెలుసమ్మా? వత్తన్నారంతే."

టీచరమ్మ చెప్పులు కూడా వేసుకోలేదు. మిగతా పిల్లలందరూ పెనాల దగ్గరున్నారు, వాళ్లని పోగు చెయ్యాలి. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, కాపలా కూచున్న నన్ను చూసింది.

"నువ్వు కదలకు. చీమలు పట్టకుండా చూడు. పళ్లెం ముట్టుకోవద్దు. సిరా అయిపోయింది, ఇది పాడైతే ఇంకోటి లేదు. తెలిసిందా?"

తల ఊపాను.

ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న కథలో ఇక్కడ ఒక చీమ ఉంది. అది నీళ్లు ఈదుకుంటూ వచ్చి ఆవు వెనక కాలు మీద ఎక్కిందనీ, దాన్ని గోటితో తీయబోతే ముక్క ఊడిందనీ. అబద్ధం. ఆ రోజు ఒక్క చీమ కూడా రాలేదు. గదిలో నేనూ, ఆ పళ్లెమూ, బెల్లం వాసనా. పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. మూల నుంచి చిటికెడు గిల్లాను, అక్కడ బొమ్మ లేదు కదా అని. నోట్లో పెట్టుకుంటే తియ్యగా, సాగుతూ ఉంది. ఇంకో చిటికెడు గిల్లాను. మూడోసారి వేలు జారి పెద్ద ముక్క పెకిలి వచ్చింది. చూస్తే దాని మీద ఆవు కాలుంది.

మళ్లీ అక్కడే పెట్టి అదిమాను. అతుక్కోలేదు. చేతిలో ముక్క, చేతినిండా ఊదారంగు. బయట పిల్లల గోల దగ్గరికి వస్తోంది. ఏం చెయ్యాలో తోచక ముక్కని నోట్లో వేసుకుని మింగేశాను. అప్పుడు తెలిసింది సిరా ఎంత చేదో.

టీచరమ్మ ఇరవై తొమ్మిది మందిని తోలుకొచ్చింది. మూతుల నిండా పాకం, ఒంటి నిండా మసి. నాతో ముప్పై. ఆవిడ ఆయాసపడుతూ పళ్లెం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కాలుండాల్సిన చోట బొక్క. నావైపు చూసింది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని నోరు గట్టిగా మూసుకున్నాను.

"చీమలొచ్చాయా?" అంది.

తల ఊపాను.

"సరే" అంది. కాగితాలు తీసి ఒక్కొక్కటే అచ్చు వెయ్యడం మొదలుపెట్టింది. మొదటి కాగితం పైకి తీసి చూసింది. మూడు కాళ్ల ఆవు, కింద "ఆవుకు నాలుగు కాళ్లు". ఏ క్షణాన జీపు చప్పుడు వినపడుతుందో తెలియదు.

అన్ని కాగితాలూ పంచాక ఆవిడ మా మధ్యలో నిలబడింది.

"పిల్లలూ, ఈ ఆవుకి ఒక కాలు లేదు. ఎందుకు లేదంటే, అది మీరు వెయ్యాలి."

"ఎలాగెయ్యాలి టీచరమ్మా? ముందుకా, ఎనక్కా?" అన్నాడొకడు.

"మీ ఇంట్లో ఆవు ఎలా నిలబడుతుందో అలా."

అందరూ టీచరమ్మ పంచిన పెన్సిలు ముక్కలతో వంగిపోయారు. నేను మాత్రం వెయ్యలేకపోయాను. పేరు రాశాను, తండ్రి పేరు రాశాను. కాలు దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు కదల్లేదు. మింగిన కాలు మళ్లీ ఎలా వెయ్యను? టీచరమ్మ గబగబా తిరుగుతూ పూర్తయిన కాగితాల మీద సంతకాలు పెడుతోంది. నా దగ్గరికి వచ్చి, ఖాళీగా ఉన్న చోటు చూసి, సంతకం పెట్టకుండా వెళ్లిపోయింది.

ఇనస్పెక్టరు వచ్చాడు. తలలు లెక్కపెట్టాడు, ముప్పై. కాగితాలు చూశాడు.

"నాలుగు కాళ్లని రాసి మూడే వేశారేమిటి?"

"నాలుగోది పిల్లలు వేశారండీ."

ఆయన కాగితాలు తిరగేశాడు. ఏ రెండు కాళ్లూ ఒకలా లేవు. ఒకడి కాలు మోకాలి దాకా బురదలో ఉంది. ఒకడి కాలికి పాలు పితికేటప్పుడు కట్టే తాడు ఉంది. ఒకడి ఆవు కాలు గాల్లోకి లేచి ఉంది.

"ఇదేంటి?" అని అడిగాడు వాణ్ణి.

"మా ఆవు తంతాది సార్."

ఇనస్పెక్టరు ఫక్కున నవ్వాడు. టీచరమ్మ భుజాలు కొంచెం దిగాయి. బడి నిలబడ్డట్టే అనుకున్నాను. అప్పుడాయన, "కాగితం బాగానే ఉంది. చదువుతారా?" అని నలుగురిని లేపాడు. ఇద్దరు చదివారు. ఇద్దరు తడబడ్డారు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"బాగా చదివే పిల్లని ఒకర్ని చూపించండి."

టీచరమ్మ నావైపు చూసింది. ఇంకెవర్ని చూస్తుంది?

లేచి నిలబడ్డాను. పెదవులు విప్పలేదు. నాలిక ఏ రంగులో ఉందో నాకు తెలుసు.

"చదువమ్మా."

చదవలేదు.

"ఈ పిల్లకి మాట రాదా?" అన్నాడు ఇనస్పెక్టరు. చేతిలో పుస్తకం తెరిచి పెన్ను తీశాడు. ఆ పుస్తకంలో ఏం రాస్తాడో నాకు తెలుసు. నానమ్మ చేటా, తమ్ముడూ కళ్లముందు కనపడ్డారు. టీచరమ్మ నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"భయపడకు. నోరు తెరు. నేనున్నాను కదా."

తెరిచాను. "ఆవు పాలు ఇస్తుంది. ఆవుకు నాలుగు కాళ్లు" అని తప్పు లేకుండా చదివాను. కానీ ఇనస్పెక్టరు వినలేదు. నా నోట్లోకే చూస్తున్నాడు.

"ఆ నాలికేమిటి? ఏం తిన్నావు?"

నేను చెప్పేలోగా టీచరమ్మ చెప్పింది.

"కాపీయింగ్ పెన్సిలండీ. నేనే ఇచ్చాను. తడిపితే గానీ ఊదారంగు రాదు కదా, నాలిక మీద తడుపుకుంది."

"పసిపిల్లల చేతికి ఇచ్చే వస్తువా అది? విషమని తెలీదా మీకు?"

"తప్పేనండీ."

నా నోరు అప్పటికే తెరిచి ఉంది. ఒక్క మాట చాలు. "కాదు సార్, నేనే తిన్నాను" అంటే అయిపోయేది. అనలేదు. మెల్లగా నోరు మూసుకుని కూచున్నాను. ఆ కూచోవడం గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గు.

బడి ఉంచమనే రాశాడు. దాని కిందే టీచరమ్మ గురించి ఇంకో రెండు లైన్లు రాశాడు. ఆవిడ చేత సంతకం పెట్టించుకుని జీపెక్కాడు.

అందరూ వెళ్లిపోయాక టీచరమ్మ నన్ను నుయ్యి దగ్గరికి తీసుకెళ్లి, బొగ్గుపొడితో నాలిక తోమించి, కడుపునిండా నీళ్లు తాగించింది. "కడుపులో నొప్పిగా ఉందా? తిప్పుతోందా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. పెన్సిలు నాకిన పిల్లని ఎవరూ అలా అడగరు; ముక్క మింగానని ఆవిడకి తెలుసు. అది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చివర్లో అంది: "నీ కాగితం దాచుకో. కాలు వేసి తీసుకురా, సంతకం పెడతాను."

ఇంటికి వెళ్లేసరికి నానమ్మ నా నోరు చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మా, నాలికేటే నేరేడుపళ్లు తిన్నట్టుగుంది? ఈ కాలంలో నేరేళ్లెక్కడియే?" ఎక్కడివని చెప్పను? మర్నాడు పొద్దున పలక పట్టుకుని బడికి బయల్దేరితే మాత్రం ఏమీ అనలేదు. ఊళ్లో బడుంది మరి.

నేను కాగితం తీసుకెళ్లలేదు. చూరులో దోపి దాచాను. తీసుకెళ్తే నిజం చెప్పాల్సి వస్తుందని భయం. రేపు, ఎల్లుండి అనుకుంటుండగా ఎండలొచ్చాయి, బడికి సెలవులొచ్చాయి. టీచరమ్మని గొలుగొండ వైపు, కొండ దగ్గర ఊరికి మార్చేశారు. ఆ రెండు లైన్ల వల్లేనని ఊళ్లో అనుకున్నారు.

వెళ్లే రోజు పొద్దున ఆవిడ ట్రంకుపెట్టె బండిలో పెట్టించి, గుంపులో నించున్న నన్ను పిలిచింది. నా చేతిలో కాగితం పొట్లం పెట్టింది. లోపల బెల్లం ముక్క.

"ఇది తిను. దీన్లో సిరా ఉండదు" అంది.

బండి కదిలింది. అందరూ ఏడుస్తున్నారు. నేను మాత్రం పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ బెల్లం తినలేదు. చూరులో, ఆ కాగితం పక్కనే దాచాను. మూడోనాటికి చీమలు పట్టాయి. ఆ వానాకాలం చూరు కారి కాగితం కూడా ముద్దయిపోయింది.

నేను టీచరునయ్యాక ఒకసారి పని మీద ఆ బడికి వెళ్లి పాత తనిఖీ పుస్తకం తీయించి చూశాను. "ఉపాధ్యాయిని పిల్లలకు కాపీయింగ్ పెన్సిలు ఇచ్చినట్లు గమనించి మందలించడమైనది." కింద ఆవిడ సంతకం. సన్నగా, నిటారుగా, ఆవిడలాగే ఉంది. గొలుగొండ వెళ్లి వెతికితే, ఆవిడ చాలా కాలం కిందటే పోయిందని చెప్పారు.

ఇంతవరకూ విని కోడలు ప్రింటరు ఆపేసింది. ఆ ఆవు బొమ్మ కాగితం, పెన్సిలూ తెచ్చి నా ముందు పెట్టింది.

పైన గడిలో నా పేరు రాశాను. తరగతి దగ్గర ఒకటి అని రాశాను. కళ్లజోడు సర్దుకుని ఆవు వెనక కాలు గీశాను. కొంచెం వంకరగా వచ్చింది, కానీ నిలబడింది.

కోడలు పెన్ను తీసి, "నేను పెట్టనా అత్తయ్యా, సంతకం?" అంది.

"వద్దమ్మా" అన్నాను. "ఆవిడ పెడతానంది."